జాబితా వదులుకోవడానికి ఎంత కావాలి?

మార్చి 3, సోమవారం

ఈ డైరీ పని కోసం. రోజంతా జనాన్ని అడిగినవన్నీ సాయంత్రానికి కలగాపులగం అయిపోతున్నాయి. ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోకపోతే లాభం లేదు. ఇంకే కారణమూ లేదు.

ఇవాళ సెలూన్ ఆయనతో మొదలుపెట్టాను. మా యాప్ చూపించి వివరించాను. ఇంటికి కావలసిన సరుకుల జాబితా అండీ, ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఒకటే జాబితా ఉంటుంది, ఒకరు "పేస్టు" అని రాస్తే రెండోవాళ్లకి కనిపిస్తుంది, కొన్నవాళ్లు టిక్కు పెడితే అందరి ఫోన్లలోనూ టిక్కు పడుతుంది అని.

"ఓ, ఇదా! మా ఇంట్లో ఉందిగా. ఇది లేకపోతే మా ఆవిడకీ నాకూ రోజూ యుద్ధమే," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే దీనికి నెలకి ఎంత ఇస్తారు?"

కత్తెర ఆగిపోయింది. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కూడా అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"ఇవ్వడమేంటండీ? ఫ్రీయే కదా!"

"రేపు ఫ్రీ కాకపోతే? నెలకి ఒక కాఫీ ఖరీదు అనుకోండి."

"తీసేస్తాను."

"మరి యుద్ధం?"

"చేస్తాను," అన్నాడు శాంతంగా, మళ్లీ కత్తెర ఆడిస్తూ.

మా ఆఫీసులో లెక్కంతా కాఫీల్లోనే. మేనేజరు పెట్టిన పద్ధతి అది. నాకంటే బాగా చిన్నవాడు. ఏది అడిగినా గ్రాఫు గీసి చూపిస్తాడు కాబట్టి మనసులో గ్రాఫు బాబు అనుకుంటాను, పైకి మాత్రం సర్ అంటాను. నెలకి అరకాఫీయా, కాఫీయా, రెండు కాఫీలా, జనం ఏది ఇస్తారో నెలాఖరుకి తేల్చడం నా పని. తేల్చకపోతే కంపెనీ గతి ఏమవుతుందో ఆయన గ్రాఫులోనే ఉంది. గీత కిందికే దిగుతోంది.

మార్చి 4, మంగళవారం

బస్సు డ్రైవరు ఒకాయన సరుకుల జాబితాకి పైసా ఇవ్వనన్నాడు. అంతలో ఆయన ఫోన్లో, ఏదో ఆటలో, ఒక పిల్లిబొమ్మ కనిపించింది. దానికి కోటు, టోపీ, మెళ్లో ముత్యాలదండ. "ఇవన్నీ కొన్నవేనా?" అన్నాను. సిగ్గుపడ్డాడు. కొన్నవే. టోపీ ఒక్కటే నాలుగు కాఫీలు. "పాపం దానికి ఎవరున్నారండీ," అన్నాడు.

రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకావిడ ఆటకీ ఆటకీ మధ్య వచ్చే ప్రకటనలన్నీ ఓపిగ్గా చూస్తుంది. డబ్బు కడితే అవి రావు. అంత సమయం ఎందుకు పాడుచేసుకుంటారని అడిగితే, "సమయం నా చేతిలో ఉందమ్మా, కార్డు మా అబ్బాయి చేతిలో ఉంది," అంది.

ఈ జనం ఎంత చిత్రమైనవాళ్లో. రోజంతా నడిచి కాళ్లు పీకుతున్నాయి, అయినా రేపెప్పుడు తెల్లారుతుందా అని ఉంది.

మార్చి 6, గురువారం

ఇవాళ నా ప్రశ్న నాకే తగిలింది.

కీళ్ల నొప్పుల క్లినిక్కులో ఫిజియోథెరపిస్టు ఒకమ్మాయి. నీళ్లు ఎన్ని గ్లాసులు తాగాలో చెప్పే యాప్‌కి నెలనెలా డబ్బు కడుతుంది. దాహం వేస్తే తెలియదా అని అడిగితే, "తెలుస్తుంది, కానీ ఎవరో ఒకరు తాగమని చెప్తే బావుంటుంది కదండీ," అంది. తర్వాత నన్నే అడిగింది.

"మీ ఇంట్లో వాడతారా మీ యాప్?"

"వాడతాం. నేనూ మా ఆయనా."

"ఆయన ఎంత ఇస్తారట దీనికి?"

"అడగలేదు," అన్నాను.

"ఊరందర్నీ అడుగుతున్నారు, ఆయన్ని అడగలేదా!" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

మార్చి 8, శనివారం

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. కొత్త టవర్లలో లిఫ్టులు బిగించే పని వచ్చింది, దగ్గరగా ఉంటుందని వర్క్‌షాపు పైనున్న గదిలోకి మారాడు. చలికాలం మొదట్లో మారాడు. పని కోసమే. ఎవరడిగినా నేను ఇదే చెబుతాను.

శనివారాల పద్ధతి ఇది. వారమంతా నేను జాబితాలో రాస్తాను. శనివారం పొద్దున తను సూపర్ మార్కెట్టుకి వెళ్లి అవన్నీ కొంటాడు. సంచులు తెచ్చి మా గుమ్మంలో పెట్టి, కింద నుంచి పిడుగుకి ఫోన్ చేస్తాడు. పిడుగు అంటే మా అమ్మాయి, పదేళ్లది, పేరుకి తగ్గ పిల్లే. అది ఈత బట్టలు పట్టుకుని దడదడా మెట్లు దిగిపోతుంది. సాయంత్రం ఈతా, తిరుగుడూ అయ్యాక కింద దింపేసి తను వెళ్లిపోతాడు. నేను సంచులు లోపల పెట్టుకుంటాను. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మాట్లాడాల్సిన పనే లేదు, అంతా జాబితాలో ఉంటుంది.

తను కొంటున్నంతసేపూ ఫోన్ ముందు పెట్టుకుని చూశాను. యాప్ ఎలా పనిచేస్తోందో చూడాలి కదా. గుడ్లకి టిక్కు పడింది. నూనెకి పడింది. చాలాసేపు ఏదీ పడలేదు, క్యూలో నిలబడి ఉంటాడు. క్యూలో నిలబడితే తను కుడికాలు మీదికి బరువంతా వేస్తాడు. అప్పుడే "బల్బు" అని కొత్తగా రాశాను. వెనక్కి వెళ్లి తెచ్చినట్టున్నాడు, కాసేపటికి దానికీ టిక్కు పడింది.

ఇంట్లో బల్బులు ఉన్నాయి.

మార్చి 9, ఆదివారం

ఆడపడుచు వచ్చింది. నాకంటే రెండేళ్లు చిన్నది, కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది, నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పులు విప్పుతూనే మొదలెట్టింది.

"వదినా, అన్నయ్య ఆ గదిని ఏడాదికి తీసుకుంటున్నాడు. నీకు చెప్పాడా?"

"పని ఉన్నన్నాళ్లూ కావాలిగా మరి."

"పని వచ్చే నెలకి అయిపోతుంది వదినా! గది యజమాని నెలనెలా ఇవ్వడం కుదరదన్నాట్ట. ఈ నెలాఖరున ఏడాది అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలి, లేదా ఖాళీ చేయాలి. నువ్వు ఒక్క మాట అడగవే?"

"ఆయన చెప్పందే నేనేం అడుగుతాను?"

"మీ ఇద్దరికీ అసలు గొడవేంటో చెప్పు. ఎవరిది తప్పో నేను తేలుస్తా."

ఏం చెప్పను దానికి? గొడవ లేదు. గొడవ పడి వెళ్లుంటే ఎంత బావుండేదో, రాజీ పడటానికి ఏదో ఒకటి ఉండేది. ఒకే ఇంట్లో పక్కగదిలో ఉండి కూడా "గ్యాసు అయిపోయింది" అని జాబితాలోనే రాసుకునేవాళ్లం. ఒకరోజు తను పని దగ్గరగా ఉంటుంది, మారతానన్నాడు. సరే అన్నాను. అంతే. వెళ్లొద్దని నేననలేదు, వెళ్లనా అని తను అడగలేదు.

ఏడాది.

మార్చి 10, సోమవారం

గ్రాఫు బాబు కొత్త ఆలోచనతో వచ్చాడు. కళ్లు మెరిసిపోతున్నాయి.

"మేడమ్, మనం ప్రశ్నే తప్పు అడుగుతున్నాం. ఎంత ఇస్తారంటే ఎవరైనా తక్కువే చెప్తారు. తిరగేసి అడుగుదాం. ఒక నెలపాటు ఈ జాబితా వదులుకోవడానికి మీకు మేం ఎంత ఇవ్వాలి అని!"

"వెయ్యి కాఫీలంటారు సర్. ఊరికే వచ్చేదానికి తక్కువెందుకు చెప్తారు?"

"చెప్తారు. చూడండి." బోర్డు దగ్గరికి పరిగెత్తాడు. నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. ఫోన్లో ఒక గీత వస్తుంది, దాని మీద ఒక చుక్క ఉంటుంది. సున్నా నుంచి పైకి, మనకి కావలసిన డబ్బు దగ్గరికి ఆ చుక్కని జరపాలి. తర్వాత కంప్యూటరు లాటరీలా ఒక చీటీ తీస్తుంది. చీటీలో ఉన్న మొత్తం మనం అడిగినదానికంటే ఎక్కువైతే ఆ మొత్తం మనకిచ్చేసి, మన ఇంటి జాబితాకి నెలపాటు తాళం వేస్తారు. తక్కువైతే డబ్బూ లేదు, తాళమూ లేదు. అందుకని మరీ ఎక్కువ అడిగితే డబ్బు రాదు. మరీ తక్కువ అడిగితే ఇష్టం లేకుండానే జాబితా పోతుంది. నిజం చెప్పడమే లాభం.

"కాఫీ ఇవ్వనన్నవాళ్లు ఇప్పుడు ఎన్ని కాఫీలు అడుగుతారో చూడండి!" అన్నాడు చేతులు రుద్దుకుంటూ.

నాకూ అదే ఆత్రం. ఎవరెవరికి పంపాలో ఎంచే పని నాదే. మా ఉద్యోగులు ఇందులో ఉండకూడదు కాబట్టి ఉద్యోగుల నంబర్లన్నీ ఏరి తీసేశాను.

మార్చి 12, బుధవారం

పిడుగు అన్నం తింటూ అడిగింది, "నాన్న గదికి కర్టెన్లు కొంటున్నాడు, నీకు తెలుసా?"

తెలీదు. జాబితాలో లేదు.

మార్చి 15, శనివారం

సంచులు వచ్చాయి. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

మార్చి 18, మంగళవారం

జవాబులు వచ్చేశాయి. గ్రాఫు బాబు చెప్పిందే నిజమైంది! కాఫీ ఖరీదు కూడా ఇవ్వలేమన్న జనమే, నెలపాటు వదులుకోమంటే పదీ ఇరవై కాఫీలు అడిగారు. ఉన్నదాన్ని వదులుకోమంటే మనిషికి ఎంత తీపో. సెలూన్ ఆయన ఎంత పెట్టాడో తెలిస్తే బావుండు, కానీ పేర్లుండవు. ఇంటికో వరుస, పెట్టిన మొత్తం, కారణం రాస్తే కారణం, చివర ఆ జాబితాలోని రెండు మూడు వస్తువులు. ఒకరు కారణంలో రాశారు, "మా అత్తగారికి నేను కొన్నవి కనపడాలి." ఇంకొకరు, "ఇందులో మా తమ్ముడు జోకులు రాస్తాడు."

కొంతమంది సున్నా పెట్టారు. ఊరికే ఇచ్చేస్తారట. "వాళ్లు చుక్క కదపలేదు మేడమ్. బద్ధకం. లెక్కలోంచి తీసేయండి," అన్నాడు గ్రాఫు బాబు. రేపు తీసేస్తాను.

మార్చి 19, బుధవారం

మొత్తం: సున్నా. కారణం: ఖాళీ. వస్తువులు: గుడ్లు, బల్బు, పిడుగుకి ఈత కళ్లజోడు.

కాసేపు ఆ వరుసని అలాగే చూస్తూ కూర్చున్నాను. ఎలా వచ్చింది ఇది? ఉద్యోగుల నంబర్లు తీసేశాను. ఉద్యోగుల ఇళ్లలో ఉండే మిగతావాళ్ల నంబర్లు తీయలేదు. ఇంత సర్వీసు పెట్టుకుని, ఇల్లంటే నేనొక్కదాన్నే అన్నట్టు చేశాను.

ఆ బస్సు డ్రైవరు పిల్లి టోపీకి నాలుగు కాఫీలిచ్చాడు. మా ఆయనకి నేను రాసే జాబితా ఊరికే ఇచ్చేయదగ్గది. దులిపేసుకోవచ్చు. కర్టెన్లు కొనుక్కుంటున్నాడుగా.

చుక్క కదపలేదేమో. తనకి ఫోనంటే చిరాకు. అంతే అయ్యుంటుంది. లిఫ్టు వైర్లు పట్టుకుని, ఏదో ఒకటి నొక్కేసి జేబులో పెట్టుకుని ఉంటాడు.

కదపలేదు. అంతే.

మార్చి 20, గురువారం

కదిపాడా, కదపలేదా?

గ్రాఫు బాబుకి చెప్పేశాను. చెప్పక తప్పదు, పొరపాటు నాది.

"సర్, సున్నాల్లో ఒకటి మా ఇల్లు."

"అయ్యో! మీరెలా... ఓ, మీవారి నంబరు! తీసేయండి మేడమ్. చీటీ రేపు తీస్తున్నాం. మీవారి నంబరు తీసేయకపోతే శనివారం నుంచి మీ జాబితాకి తాళం పడిపోతుంది."

"లెక్కలోంచి తీసేస్తాను. తాళం మాత్రం పడనివ్వండి."

అతను నన్ను వింతగా చూశాడు. "మీకు ఇబ్బంది కదా?"

"వదులుకుంటానన్నారు కదా ఆయన. వదులుకోనివ్వండి." గొంతు కాస్త పెరిగినట్టుంది. పక్కబల్లవాళ్లు తలెత్తారు.

గ్రాఫు బాబు మార్కరు మూత పెడుతూ, తీస్తూ నిలబడ్డాడు. "ఏమవుతుందో నాకు చెప్తారా? లెక్క కోసం కాదు," అన్నాడు. మంచి కుర్రాడే.

మార్చి 22, శనివారం

తాళం పడింది. జాబితా మీద బూడిదరంగు తెర, మధ్యలో తాళంకప్ప బొమ్మ. దాని కింద ఏమున్నాయో కనపడదు.

ఇక ఏం తేవాలో తనకి తెలియదు. ఫోన్ చేస్తాడు, చేయక ఏం చేస్తాడు? ఫోన్ చార్జింగులో పెట్టి, వంటగట్టు మీద ఎదురుగా పెట్టుకుని గిన్నెలు తోమాను. మోగలేదు. కింద నుంచి పిడుగుకి మాత్రం మోగింది. అది దిగిపోయింది. గుమ్మంలో సంచులున్నాయి.

ఉప్పు మూడు ప్యాకెట్లు. మేం ముగ్గురం ఏడాదంతా తిన్నా తరగదు. అగ్గిపెట్టెలు ఒక కట్ట, మా ఇంట్లో అగ్గిపుల్ల గీసి ఎన్నేళ్లయిందో. షూ పాలిష్. సబ్బు లేదు. ఇంట్లో ఉన్న చివరి సబ్బు అరిగి అరిగి చిట్టి బిళ్లంత అయింది, అది నిన్న కాలవలోకి జారిపోయింది.

ఇంత నిర్లక్ష్యమా? పదకొండేళ్లు కలిసి ఉన్న మనిషికి ఇంట్లో ఏం వాడతామో ఆమాత్రం తెలియదా? ఒళ్లు మండిపోయింది. ఒక మాట అడగడానికి నోరు రాలేదు కానీ మూడు ప్యాకెట్ల ఉప్పు మోసుకొచ్చాడు.

మార్చి 24, సోమవారం

చేతులు కడుక్కునే లిక్విడ్‌తో స్నానం చేస్తున్నాం. కిందనే కొట్టుంది. కొనను.

మార్చి 26, బుధవారం

పిడుగు తువ్వాలు చుట్టుకుని బాత్రూం గుమ్మంలో నిలబడి నన్ను నిలదీసింది.

"అమ్మా, సబ్బు ఎప్పుడొస్తుంది?"

"శనివారం."

"ఎలా వస్తుంది, జాబితాకి తాళం పడిందిగా? నాన్నకి నువ్వు ఫోన్ చేయొచ్చుగా, నంబరు లేదా నీ దగ్గర?"

"ఉంది."

"మరి?"

రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లి, మీరు ఎంత ఇస్తారు, ఎందుకు ఇవ్వరు అని అడిగేదాన్ని. ఇంట్లో పిల్ల అడిగినదానికి బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

మార్చి 27, గురువారం

సున్నాలు పెట్టినవాళ్లని తీసేయొద్దు, పేరు కనపడకుండా సిస్టంలోంచే ఫోన్ చేసి అడుగుదాం అన్నాను గ్రాఫు బాబుతో. అడిగాం. చాలామంది నిజంగానే చుక్క కదపలేదు. ఒకాయనైతే, "చుక్కా? ఏ చుక్క?" అన్నాడు. ఒకావిడ మాత్రం కదిపిందట, తెలిసే వదిలేసిందట. ఎందుకని అడిగితే చెప్పకుండా పెట్టేసింది.

కాబట్టి తనూ కదపలేదు. దాదాపు అందరూ అంతే. నాకు కొంచెం తేలిగ్గా ఉంది.

లేదు. ఏమీ తేలిగ్గా లేదు. నాకు భయంగా ఉంది. సోమవారం తను సంతకం పెడితే ఏడాది. ఏడాది తర్వాత ఇంకో ఏడాది పెట్టడం ఎంతసేపు? అప్పటికి గుమ్మంలో సంచులు పెట్టడం కూడా అక్కర్లేకుండా పోతుంది. నాకు తను ఇంట్లో కావాలి. ఇది ఇవాళే కొత్తగా తెలిసింది కాదు, ఇవాళే రాస్తున్నాను.

మార్చి 29, శనివారం

ఫోన్ చేశాను.

పొద్దున పది దాటాక, తను మార్కెట్టులో ఉండే వేళకి. ఏం మాట్లాడాలో అనుకోలేదు. తను "హలో" అనగానే నోట్లోంచి వచ్చేసింది.

"మూడు ప్యాకెట్ల ఉప్పు ఏం చేసుకోమని?"

అవతల నవ్వు. ఎంత కాలమైందో ఆ నవ్వు విని.

"వారం పట్టిందా నీకు?"

"దేనికి?"

"తిట్టడానికి. పోయిన శనివారం మధ్యాహ్నానికే ఫోన్ వస్తుందనుకున్నా."

"ఇంట్లో సబ్బు లేదు!"

"తెలుసు. పిడుగు చెప్పింది."

"తెలిసి తేలేదా?"

"తెస్తే నువ్వు ఫోన్ ఎందుకు చేస్తావు?"

వంటగట్టుకి ఆనుకుని నిలబడ్డాను. అటు వైపు ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది, బిల్లింగు మిషను కీచుకీచుమంటోంది.

"నువ్వు సున్నా పెట్టావు," అన్నాను.

"ఏంటి?"

"జాబితా వదులుకోవడానికి. సున్నా."

"నీకెలా తెలుసు? పేర్లు ఎవరికీ కనపడవని రాశారే అందులో!"

"ఈత కళ్లజోడు కనపడింది."

"ఓహో."

"చుక్క కదపడం మర్చిపోయావు కదూ?" నేనే అందించాను. అవునంటే చాలు, ఇంకేమీ అడగక్కర్లేదు.

"లేదు. కదిపా. మొదట పైకి, చివరిదాకా జరిపేశా. తర్వాత కింద రాసింది చదివా. ఎక్కువ అడిగితే జాబితా మీకే ఉండిపోతుంది అని ఉంది. అప్పుడు మొత్తం వెనక్కి లాక్కొచ్చా."

"ఎందుకు?"

"జాబితా ఉన్నన్నాళ్లూ నాతో నీకు పనేముంది చెప్పు? ఫోన్లో రాస్తావు, నేను తెచ్చి గుమ్మంలో పెడతా. సరుకులు తెచ్చే కుర్రాడికైనా థాంక్స్ చెప్తారు."

"నువ్వు మాత్రం? టిక్కు పెట్టి పోతావు. నేను బల్బులు రాశాను. బల్బులున్నాయి ఇంట్లో, అయినా రాశాను. ఎందుకు ఇన్ని బల్బులని అడిగావా?"

"అడగలేదు. ఎన్ని రాస్తే అన్ని కొన్నా. నేనూ అంతే, అందుకే అది పోతే బావుండనుకున్నా. నీ కంపెనీవాళ్లు డబ్బు కూడా ఇచ్చారు. దాంతోనే ఉప్పు కొన్నా."

నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, అది తనకి వినపడింది. "ఏయ్," అన్నాడు మెల్లగా.

ఎంత? ఎందుకు? కాకపోతే? నాకు వచ్చినవన్నీ ప్రశ్నలే. ఆ గది సంగతి కూడా అడగబోయాను, సంతకం పెడతావా, పెట్టవా అని. అడిగితే తను "చూద్దాం" అంటాడు. నేను "సరే" అంటాను. మళ్లీ మొదటికే వస్తాం.

"ఆ అగ్రిమెంటు మీద సంతకం పెట్టకు," అన్నాను. "ఇంటికి రా."

బిల్లింగు దగ్గర అమ్మాయి తనని ఏదో అడుగుతోంది. "రెండు సంచులివ్వమ్మా," అన్నాడు ఆమెతో. సంచుల్లో సామాన్లు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను ఫోన్ పెట్టేయలేదు.

"సబ్బు ఏ రకం తేవాలి?" అన్నాడు చివరికి.

"పదకొండేళ్లుగా ఒకటేగా, నీకు తెలుసు."

"తెలుసు. అయినా చెప్పు."

మార్చి 31, సోమవారం

సంతకం పెట్టలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

ఏమైందని గ్రాఫు బాబు అడిగాడు. "ఇంటికొచ్చారు సర్," అన్నాను. "జాబితా లేకుండానే?" అన్నాడు. బోర్డు వైపు చూశాడు, ఏదో గీయబోయి మానేశాడు. అరకాఫీ అని రిపోర్టు రాసి ఇచ్చేశాను. అరకాఫీ అయితే సెలూన్ ఆయన కూడా గొణుక్కుంటూ కట్టేస్తాడని నా నమ్మకం.

ఏప్రిల్ 22, మంగళవారం

జాబితా తాళం తెరుచుకుంది. పొద్దున్నే ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. "మీ జాబితా మీకోసం ఎదురుచూస్తోంది. నెలకి ఇంత మాత్రమే." నేను తేల్చిన ధరే. కింద రెండు బొత్తాలు, "కొంటాను", "ఇప్పుడు కాదు".

అది చూస్తూ ఉండగానే గొడవైంది. నిజం గొడవ, గొంతులు లేచి, పక్కింటివాళ్ల తలుపు చప్పుడయ్యేంత. లిఫ్టు సామాన్ల పెట్టె నడవలో పెట్టాడు, నా కాలికి తగిలింది. అక్కడ మొదలై ఎక్కడెక్కడికో వెళ్లింది. నేను పదిసార్లు అడిగితే గానీ నువ్వు ఒక మాట చెప్పవన్నాను. నువ్వు అడిగేది జవాబు కోసం కాదు, రాసుకోవడానికి అన్నాడు. పిడుగు చెవుల్లో వేళ్లు పెట్టుకుని పుస్తకం చదువుకుంది. మధ్యలో తను చటుక్కున లేచి గుమ్మంలోకి వెళ్లి చెప్పులు వేసుకోసాగాడు.

నేనూ వెనకే గుమ్మం దాకా పరిగెత్తాను.

"ఎక్కడికి?"

"గుడ్లకి. లేచిన దగ్గర్నుంచి నీ కూతురు అడుగుతోంది. ఇంకేం కావాలో ఇప్పుడే చెప్పు, మళ్లీ కొట్లో నిలబెట్టి ఫోన్ చేయించకు."

కోపం తగ్గలేదు, మొహం ముటముటలాడుతూనే ఉంది. మెట్లు దిగడం మొదలెట్టాడు. ఫోన్ సోఫా మీద పడేసి, పేస్టు, నూనె, పిడుగుకి నోటుపుస్తకాలు అని చెబుతూ నేనూ వెనకాలే దిగాను.